వండిన చెయ్యి ఎవరిది?

వంట బాగా కుదిరితే నలభీమపాకం అంటాం. నలుడు, భీముడు కథల్లో మనుషులు. నిజంగా బతికి, పొయ్యి ముందు కూచుని వండిన వాళ్ల పేరు ఒక్కటి చెప్పమంటే పిల్లలు తెల్లమొగం వేస్తారు.

అలాంటి పేరు డొక్కా సీతమ్మ. ఆమె 1841లో పుట్టింది. గోదావరి పక్కన లంకల గన్నవరంలో కాపురం ఉండేది. ఏరు దాటి వచ్చేవాళ్లు ఆకలితో ఆ ఇంటికి వచ్చేవాళ్లు. వేళకాని వేళ వచ్చినా వండి పెట్టేది. 1909లో చనిపోయింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిలో పెట్టే మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది.

మరి ఆ భోజనం రోజూ వండే ఆమె పేరు ఎంతమంది పిల్లలకు తెలుసు? 'వంటామె' అంటారు, అంతే.

పాఠం ఇక్కడే మొదలుపెట్టవచ్చు. నల్లమల కొండల కింద ఉన్న అహోబిలమే తీసుకుందాం. నరసింహస్వామిని చూడను ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వాళ్లకు సత్రాల్లో వండేవాళ్లు ఉన్నారు. బడిలో వండేవాళ్లు ఉన్నారు. ఇంట్లో అవ్వ ఉంది. పిల్లలు నలుగురేసి జట్టు కట్టి, పలక, కాగితం తీసుకుని పోయి అడగాలి. ఈ వంట ఎవరు నేర్పినారు? ఎంతమందికి వండుతావు? చిన్నప్పుడు ఏం తినేవాళ్లు? చెంచు గూడెం పిల్లలుంటే అడవి గడ్డల సంగతి వాళ్లే అడిగి వస్తారు.

అడిగితే చాలదు. చేసి చూడాలి. రాగి సంగటికి అవ్వ లెక్క 'దోసెడు నూకలు, రెండు దోసిళ్ల పిండి' అని ఉంటుంది. దోసెడంటే ఎంత? అవ్వ దోసిలి వేరు, పిల్లల దోసిలి వేరు. అవ్వ చేతే తక్కెడలో పోయించి తూచాలి. నూకలు మెత్తగా ఉడికినాక పిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, కట్టెతో గట్టిగా కెలకాలి. ఉండలు కడితే ఎందుకు కట్టినాయో అవ్వనే చెప్పమనాలి. ఆ మాట ఏ పుస్తకంలోనూ దొరకదు.

బడి వంటలో లెక్కలు కూడా ఉన్నాయి. చిన్న తరగతుల్లో పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం. 60 మంది వస్తే 6 కిలోలు. ఉప్పు ఎంత, ఎసరు ఎంత? అది వంటామె కంటికే తెలుసు.

తెలిసినదంతా ఒక కాగితం మీద రాసి బడి గోడకు అంటించాలి. పైన వంట పేరు, కింద వండిన ఆమె పేరు, ఊరు. ఆమె ఈమధ్యనే అక్షరాలు నేర్చి ఉంటే, సంతకం ఆమె చేతే పెట్టించాలి.