‘మా ఇల్లు పోతోందని మీకెవరు చెప్పారు?’

ఫోనులో ఆవిడ ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. నేను రెండు ముక్కలు మాట్లాడానో లేదో ఆగిపోయి, ‘‘మీరు తెలుగువాళ్ళా?’’ అనడిగింది. అవునన్నా. కాసేపు అటునుంచి చప్పుడు లేదు. తర్వాత చాలా మెల్లగా, ‘‘మా ఇల్లు పోతోందని మీకెవరు చెప్పారండీ? గుడి దగ్గర ఎవరైనా అనుకుంటున్నారా?’’ అంది.

ఎవరూ చెప్పలేదు. జాబితా కొనుక్కున్నా. ఆ మాట ఎలా చెప్పను?

ఇది 2010 ఏప్రిల్ సంగతి. అమెరికాలో అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ పక్కన మా ఇల్లు. 2006 దాకా అక్కడ ఇళ్ళ ధరలు ఆకాశంలో ఉండేవి. తర్వాత కూలడం మొదలై 2011 నాటికి సగానికి పైగా పడిపోయాయి. మా వీధిలోనే నాలుగిళ్ళు ఖాళీ. వాటి లాన్లు ఎండి గడ్డి పసుపెక్కిపోయింది. అప్పుడే గ్రీన్‌కార్డు వచ్చి, ఏదో ఒకటి చేయాలని తహతహలాడుతున్న నేను 1,500 డాలర్లు కట్టి రెండ్రోజుల సెమినార్‌కి వెళ్ళా. మావారు వద్దనే అన్నారు. వింటేగా!

అక్కడ నేర్పింది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అరిజోనాలో అప్పు కట్టలేనివాళ్ళ ఇల్లు వేలం వేయాలంటే ముందు కౌంటీ రికార్డర్ ఆఫీసులో నోటీసు నమోదు చేయాలి. ఆ తర్వాత 90 రోజులు గడిస్తేనే వేలం. నోటీసు ఎవరైనా చూడొచ్చు కాబట్టి ఆ పేర్లు ఏరి జాబితాలుగా అమ్మేవాళ్ళున్నారు. మనం అది కొని, ‘మీ ఇల్లు మేం కొంటాం’ అని ఉత్తరాలు రాయాలన్నమాట. అచ్చువేసిన కాగితమైతే చెత్తబుట్టలోకే పోతుందట. గీతల పసుపు కాగితం మీద చేత్తో రాస్తే విప్పి చూస్తారట.

మూడొందల ఉత్తరాలు. స్టాంపు అప్పట్లో 44 సెంట్లు. అంటే పోస్టుకే 132 డాలర్లు. తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య కవర్లు అంటిస్తూ కూర్చునేది. రెండోరోజు ఉండబట్టలేక అడిగేసింది: ‘‘ఇల్లు పోగొట్టుకునేవాళ్ళ పేర్లు డబ్బిచ్చి కొనడమేమిటమ్మా? ఎవరింట్లో పొయ్యి ఆరుతుందా అని చూడ్డమేనా మన పని?’’ అలా కాదత్తయ్యా, వాళ్ళకీ మేలేనని ఏదో చెప్పా. ఇంకో కవరు తీసి, ‘‘ఇది మనవాళ్ళ ఇంటిపేరులా ఉందే’’ అంది. నేనూ చూశా. పక్కన పెడదామనుకుని కూడా... పోస్టు చేసేశా.

మూడొందల్లో నలభై తిరిగొచ్చాయి. మనుషులు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఫోన్లు ఆరు. ఇద్దరు తిట్టారు. ఒకాయన తన పేరు తీసెయ్యమన్నాడు. ఇంకో ఇద్దరు ధర అడిగి మళ్ళీ పలకలేదు. ఆరో ఫోను ఈవిడది.

వాళ్ళు 2006లో 3,40,000 డాలర్లు పెట్టి కొన్నారు. చేతి డబ్బు లేకుండా రెండు అప్పులు: ఒక బ్యాంకులో 2,72,000, మరోచోట 68,000. ఆయనకి కాంట్రాక్టు పని ఆగిపోయి ఏడాది. ఆవిడ స్కూలు క్యాంటీన్‌లో చేస్తోంది. పిల్లలిద్దరు. ఇల్లు ఇప్పుడమ్మితే 1,60,000 వస్తే గొప్ప. పైగా అప్పు తగ్గిస్తామని ఎవరో 2,000 డాలర్లు ముందుగా పట్టుకుపోయారు.

అమ్మితే వచ్చేది అప్పుకి చాలకపోయినా, ఆ తక్కువకే బ్యాంకు ఒప్పుకుని తాకట్టు వదిలేస్తే దాన్నే అక్కడ షార్ట్ సేల్ అంటారు. మన దగ్గర బ్యాంకులతో చేసుకునే వన్‌టైమ్ సెటిల్‌మెంటుకి దూరపు చుట్టం అనుకోండి. అమ్మేవాళ్ళకి ఒక్క డాలరు మిగలదు. మరి ఎందుకంటారా? వేలంలో పోతే మళ్ళీ మామూలు ఇంటి అప్పు పుట్టడానికి, అప్పటి ఫానీ మే నిబంధనల ప్రకారం 7 ఏళ్ళు ఆగాలి. షార్ట్ సేలయితే 20 శాతం చేతి డబ్బుతో 2 ఏళ్ళకే అవకాశం. అదీగాక హాఫా అని 2010 ఏప్రిల్‌లోనే మొదలైన ప్రభుత్వ పథకం కింద ఇల్లు మారే ఖర్చులకి 3,000 డాలర్లు చేతికొచ్చేవి. ఆవిడకి 3,000 అంటే మూడు నెలల అద్దె.

1,52,000కి నేను కొంటానని కాగితం రాసుకున్నాం. ‘‘మీరేం కంగారు పడకండి, నేను చూసుకుంటా’’ అన్నా. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

సంతకం పెట్టేముందు ఆవిడ, ‘‘కొన్నాక మాకే అద్దెకిస్తారా? పిల్లల స్కూలు మారదు’’ అనడిగింది. నాకూ అదే బావుందనిపించింది. కానీ కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ బంధుత్వం లేదని, అమ్మేవాళ్ళు అక్కడే ఉండే లోపాయికారీ ఒప్పందం లేదని బ్యాంకుకి ప్రమాణపత్రం ఇవ్వాలి. కుదరదని చెప్పా. ఆవిడ మళ్ళీ అడగలేదు.

ఇక కాగితాలు! కష్టం ఎందుకొచ్చిందో వివరిస్తూ ఉత్తరం, జీతం రసీదులు, బ్యాంకు లెక్కలు, రెండేళ్ళ పన్ను పత్రాలు... నలభై పేజీలు ఫ్యాక్స్ చేస్తే అందలేదంటారు. మళ్ళీ పంపితే నెల దాటింది, కొత్తవి కావాలంటారు. ఒక్కో ఫోనుకీ ఒక్కో మనిషి, కథంతా మొదటినుంచీ చెప్పాలి. జులైలో ధర చూడ్డానికి ఏజెంటొచ్చాడు. అదయ్యాక రెండో బ్యాంకు అడ్డం పడింది. వాళ్ళకి 15,000 కావాలట. పథకం ప్రకారం మొదటి బ్యాంకు అంత ఇవ్వడానికి ఒప్పుకోదు. ఈ ఇద్దరి మధ్య నేను రెండు నెలలు తిరిగా. మధ్యలో వేలం తేదీ రెండుసార్లు వాయిదా పడింది. ప్రతిసారీ ముందురోజు రాత్రి ఆవిడ ఫోను చేసేది. ‘‘వాయిదా పడిందిగా అండీ? నిజమేగా?’’

సెప్టెంబరులో రెండో బ్యాంకు దిగొచ్చింది. మూడోసారి కూడా వాయిదా వేశామని మొదటి బ్యాంకులో మా ఫైలు చూసేవాడు ఫోనులో చెప్పాడు. కాగితం మీద అడగాలన్న తెలివి నాకు లేకపోయింది. మర్నాడు పొద్దున్నే కోర్టు మెట్ల దగ్గర వేలంలో ఇల్లు పోయింది. షార్ట్ సేల్ చూసే విభాగం వేరు, వేలం చూసే విభాగం వేరు. వీళ్ళ మాట వాళ్ళకి చేరనేలేదు.

నాకు పోయింది తనిఖీకిచ్చిన 350 డాలర్లు, అయిదు నెలల పరుగు. వాళ్ళకి ఇల్లే పోయింది. 3,000 పోయాయి. రెండేళ్ళు కావాల్సింది ఏడేళ్ళయింది. ఒక్కటే ఊరట... అప్పులు రెండూ ఆ ఇల్లు కొనడానికే తీసుకున్నవి కావడంతో, అరిజోనా చట్టం పుణ్యమా అని మిగతా బాకీ కోసం ఎవరూ వాళ్ళ వెంట పడలేదు.

ఖాళీ చెయ్యడానికి అయిదు రోజులిచ్చారు. సాంబారన్నం డబ్బాతో వెళ్ళా. మొహం ఎలా చూపించాలో తెలీలేదు. ఆవిడ ఒక్క మాటా అనలేదు. వంటింట్లో డబ్బాలు సర్దుతూ, ‘‘ఈ తులసికుండీ మీ కార్లో పెట్టండి, లారీలో విరిగిపోతుంది’’ అంది, అంతే. తిడితే బావుండేదనిపించింది.

ఇలా ఒకపక్క బేరం చూస్తూనే మరోపక్క వేలం వేసేయడం మాకొక్కళ్ళకే జరిగింది కాదని తర్వాత తెలిసింది. 2012లో అయిదు పెద్ద బ్యాంకులు 49 రాష్ట్రాలతో చేసుకున్న ఒప్పందంలో దీనికి కళ్ళెం వేశారు. 2014 జనవరి నుంచి వచ్చిన నిబంధన ప్రకారం, వేలానికి 37 రోజుల కన్నా ముందే పూర్తి దరఖాస్తు చేరితే దాని సంగతి తేల్చకుండా వేలం వేయకూడదు. ముందుగా ఫీజు గుంజే అప్పు తగ్గింపు కంపెనీలకీ 2011 నుంచి అడ్డుకట్ట పడింది. ఆవిడకి ఇవేవీ పనికిరాలేదనుకోండి.

మీ పిల్లలెవరైనా అక్కడ ఇల్లు కొని ఇబ్బందిలో ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దనండి. అమెరికా గృహశాఖ గుర్తింపున్న కౌన్సెలర్లు ఇలాంటప్పుడు డబ్బు తీసుకోకుండానే సలహా ఇస్తారు. పసుపు ఉత్తరం రాసినవాళ్ళ కన్నా ముందు వాళ్ళకి ఫోను చెయ్యమనండి. వాయిదా వేశామని బ్యాంకువాళ్ళు నోటితో అంటే నమ్మొద్దు, కాగితం తీసుకోవాలి.

నేను ఉత్తరాలు మానలేదు. అబద్ధమెందుకూ, దాంతోనే మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాం. కాకపోతే నోటీసుల జాబితా మళ్ళీ కొనలేదు. వేరే ఊళ్ళో ఉంటూ ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చుకున్నవాళ్ళకి రాస్తున్నా. వందకి ఒకరు పలికినా గొప్పే. అత్తయ్య ఊరెళ్ళాక కూడా ఫోనులో ప్రతిసారీ అడిగేది, ‘‘ఆ అమ్మాయి మళ్ళీ ఇల్లు కొనుక్కుందా?’’ అని.

2018లో కొనుక్కుంది. చిన్న టౌన్‌హౌస్. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళా. గుమ్మం పక్కన అదే తులసి. భోజనాలయ్యాక ఆవిడ పోస్టు డబ్బా తీసి నాలుగు కార్డులు నా చేతిలో పెట్టింది. నాలుగింటి మీదా ఒకటే మాట: మీ ఇల్లు మేం కొంటాం. ‘‘వీటిలో మీదేదైనా ఉందేమో చూడండి’’ అని నవ్వింది.