పేరు చేపది, పని వృత్తలేఖినిది

ఇంగ్లండ్ యుద్ధనౌకల మేస్త్రీ మాథ్యూ బేకర్ లెక్కల కథ

"ఓడల మీద ముఖచిత్ర కథనం కావాలి, శుక్రవారానికల్లా పంపండి" అన్నారు ఎడిటర్‌గారు. సింగపూర్‌లో ఉంటున్నాను కదా, రేవుల గురించి రాస్తాననుకున్నట్టున్నారు. చాంగీ బిజినెస్ పార్కులో ఆఫీసు పని ముగించుకుని పాత ఓడల బొమ్మలు తిరగేస్తుంటే బేకర్ రాతప్రతి పుటలు కంటబడ్డాయి. రేవుల సంగతి అక్కడితో సరి.

అసలు ప్రతి కేంబ్రిడ్జ్ మాడ్లిన్ కాలేజీలోని పీప్స్ లైబ్రరీలో ఉంది. అందులో తరచుగా అచ్చువేసుకునే బొమ్మ ఒకటుంది: ఓడ అడుగుభాగంలో ఒదిగిన పెద్ద చేప. ప్రకృతిని చూసి ఓడ గీశాడని మెచ్చుకుంటారు. నాకు అంత నమ్మకం కుదరలేదు. చేప ముచ్చటకే, ఓడకు రూపమిచ్చింది వృత్తలేఖిని. ఇంకో బొమ్మలో పొడవాటి వృత్తలేఖినితో బల్ల ముందు మేస్త్రీ, ఆ గదిలోనే సహాయకుడు కనిపిస్తారు.

బేకర్ పద్ధతిలో ముందు ఓడ నడుముకు అడ్డుకోత గీయాలి. అడుగున ఒక చాపం, మలుపు దగ్గర ఇంకొకటి, పక్కన మరొకటి. అతుకు తెలియకుండా కలిసిపోవాలి. ముందుకూ వెనక్కూ వెళ్ళేకొద్దీ ప్రతి చట్రానికీ కొత్త బొమ్మ అక్కర్లేదు. అడుగు ఎంత లేవాలో ఒక గీత, వెడల్పు ఎంత తగ్గాలో ఒక గీత చెబుతాయి. వాటి ప్రకారం అవే చాపాలను జరిపితే చాలు. మన ఇంజినీర్ల మాటల్లో, టెంప్లేట్ ఒకటే, విలువలే మారతాయి.

నాకు మరీ నచ్చింది 1582 నాటి బేకర్ టన్నుల లెక్క. అడుగుదూలం పొడవు, ఓడ వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి వందతో భాగించాలి. లండన్ ఓడ అసెన్షన్ కొలతలు 54, 24, 12. గుణిస్తే 15,552, వందతో భాగిస్తే 155 చిల్లర. ఆ ఓడ మోసే సరుకు 160 టన్నులు. ఐదు టన్నుల తేడా కూడా లేదు! ఓడకు అద్దె అయినా, ఓడ కట్టినందుకు బహుమానం అయినా టన్నుకింత అని కట్టే కాలంలో ఇది డబ్బు లెక్క.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. బేకర్ 1530 ప్రాంతంలో పుట్టాడు. తండ్రి జేమ్స్ ఎనిమిదో హెన్రీ దగ్గర ఓడల మేస్త్రీ. 1572లో తనూ రాచ మేస్త్రీ అయ్యాడు. 1573లో డ్రెడ్‌నాట్, 1586లో వాన్‌గార్డ్ కట్టాడు. రెండూ 1588లో స్పానిష్ ఆర్మడాను ఎదిరించాయి. 1613లో పోయాడు. అతని ఓడ ఒక్కటీ మిగల్లేదు, కాగితాలు మిగిలాయి.

బాక్సు: మన నరసాపురం మేస్త్రీలు

1669–79 మధ్య బంగాళాఖాతం తీరాల గురించి రాసిన థామస్ బౌరీ, నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్ళు ఏటా ఓడలు కట్టించుకునేవారని చెప్పాడు. కలపనూ, ఇనుప మేకులనూ, లంగర్లనూ, ఓడను నీళ్ళలోకి దించే ఒడుపునూ మెచ్చుకున్నాడు. మేస్త్రీల పేర్లు మాత్రం రాయలేదు.

నరసాపురం, కోరంగి, తాళ్ళరేవు వైపు నుంచి సింగపూర్ వచ్చినవాళ్ళకు ఒక మనవి. ఇంట్లో ఓడలు కట్టిన పెద్దలుంటే, ఈసారి ఊరెళ్ళినప్పుడు వాళ్ళ కొలతలూ లెక్కలూ అడిగి రాసుకురండి. పేరుతో సహా.