రిజర్వుడు సీటు కనీస హక్కా? గరిష్ఠ హద్దా? - పార్వతీపురం చెప్పే పాఠం

'మీకు రిజర్వుడు సీట్లున్నాయిగా, జనరల్ సీటు మీకెందుకు?' ఈ మాట దళిత, ఆదివాసీ కార్యకర్తల్లో విననివారుండరు. దీనికి జవాబు 1959లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జవాబు పుట్టింది ఇవాళ పటంలో లేని పార్వతీపురం పార్లమెంటు నియోజకవర్గంలో.

1952, 57 ఎన్నికల్లో కొన్నిచోట్ల ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దర్ని ఎన్నుకునేవారు. 1957లో దేశంలో అలాంటి లోక్‌సభ నియోజకవర్గాలు 91. ఓటరుకు రెండు ఓట్లు. రెండూ ఒకరికే వేయకూడదు. లెక్కింపులో ముందు రిజర్వుడు సీటు తేల్చేవారు. ఆ వర్గం అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి అది దక్కేది. రెండో సీటు మిగిలినవాళ్లందరిలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వారిది.

1957లో పార్వతీపురంలో గిరిజన అభ్యర్థి బిడ్డిక సత్యనారాయణ రిజర్వుడు సీటు గెలిచారు. రెండో సీటు కేంద్ర కార్మికమంత్రిగా పనిచేసిన వి.వి.గిరిదేనని చాలామంది అనుకుని ఉంటారు. కానీ మరో గిరిజన అభ్యర్థి దిప్పల సూరిదొర ఆయన్ని 565 ఓట్ల తేడాతో ఓడించారు. రెండు సీట్లూ గిరిజనులవే అయ్యాయి.

గిరి కోర్టుకెక్కారు. ఆయన వాదనలు ప్రధానంగా రెండు. ఒకటి, రిజర్వుడు సీటుకని ప్రకటించుకున్నవాడు జనరల్ సీటు ఎలా తీసుకుంటాడు? రెండు, సూరిదొర కుటుంబం పత్రాల్లో క్షత్రియులమని రాసుకుంది కాబట్టి ఆయన గిరిజనుడే కాదు. ఇందులో తిరకాసు చూడండి. కింది కులంవాడు పైకులం పేరు చెప్పుకుంటే మామూలుగా ఒప్పుకునేదెవరు? సీటు గెలిచాక మాత్రం 'నువ్వు క్షత్రియుడివే' అని కోర్టులో వాదించారు!

సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రెండు వాదనల్నీ తోసిపుచ్చింది. క్షత్రియుడనని చెప్పుకున్నంత మాత్రాన పుట్టిన తెగ మారిపోదంది. రిజర్వుడు సీటుకు అర్హత అనేది అదనపు హక్కు. దాన్ని కోరినవాడు జనరల్ సీటుపై హక్కు వదులుకున్నట్టు కాదంది. అంటే రిజర్వేషన్ కింద వేసిన నేలే గాని, నెత్తిమీద వేసిన కప్పు కాదు.

తీర్పు వచ్చి రెండేళ్లు తిరక్కుండానే, 1961లో ద్విసభ్య నియోజకవర్గాల్ని చట్టంతో రద్దుచేశారు. నియోజకవర్గాలు మరీ పెద్దవి, తిరగడం కష్టమన్నది చెప్పిన కారణం. అందులో కొంత నిజముంది. కానీ ఫలితమేమిటి? 1962 నాటికి పార్వతీపురం ఒక్క సీటు, ఎస్టీ రిజర్వుడు. జనరల్ సీటుకు నిలబడే దారి కాగితం మీద మూసుకుపోలేదు. కానీ జనరల్ సీట్లలో దళితులకు, ఆదివాసులకు పార్టీలు టిక్కెట్టిచ్చేది ఎంత అరుదో మనకు తెలుసు. గిరిజనుడు గిరిజనుడితోనే పోటీపడే ఏర్పాటు స్థిరపడింది.

సీటుంటే భూమి నిలుస్తుందనీ లేదు. సవర, జాతాపు రైతుల భూములు షావుకార్ల చేతుల్లోకి పోతున్నప్పుడు కూడా పార్లమెంటులో ఈ ప్రాంతానికి గిరిజన సభ్యుడున్నాడు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు హత్యకు గురయ్యాక శ్రీకాకుళ పోరాటం రాజుకుంది. భూబదలాయింపు నిబంధనల్ని గట్టిచేసిన 1970 సవరణ ఆ వేడిలోనే వచ్చింది. అట్లాగని సీటు దండగనలేం. అటవీహక్కుల బిల్లును పరిశీలించిన సంయుక్త పార్లమెంటరీ కమిటీకి అధ్యక్షుడు కిశోర్ చంద్రదేవ్ 2004లో ఇక్కడ గెలిచినవారే. కింద ఉద్యమం, పైన సభ్యుడు - రెండూ కలిస్తేనే పని జరుగుతుంది.

2008 పునర్విభజనలో పార్వతీపురం పోయి అరకు వచ్చింది. పాలకొండ నుంచి రంపచోడవరం దాకా అప్పటి నాలుగు జిల్లాల మన్యమంతా ఒక్క సీటు కిందికి చేరింది. 'మరీ పెద్దవి' అని ఇద్దరు సభ్యుల పద్ధతిని తీసేసినవాళ్ల వారసులకు, ఒక్క సభ్యుడు ఇంత మన్యం తిరగాలన్నప్పుడు పెద్దదనిపించలేదు!

ఈసారి ఎవరైనా 'మీకు సీట్లున్నాయిగా' అంటే పార్వతీపురం పేరు చెబుదాం. ఉన్నవి కనీసం మాత్రమేనని ఆ 565 ఓట్లు నిరూపించాయి.