నేల కింద గ్యాస్, నేల మీద రికార్డు

గంగవరం, పలమనేరు, పుంగనూరు వైపు రైతుకు కేసింగ్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. బోరు వేసేటప్పుడు పైనున్న మట్టి కూలిపోకుండా, గట్టి రాయి తగిలేదాకా దించే గొట్టమది. వేల అడుగుల లోతున సహజ వాయువును దాచుకునే దేశాల్లోనూ భద్రత చాలావరకు ఆ గొట్టం మీదే ఆధారపడుతుంది. మన బోరులో కేసింగ్ పాడైతే మోటారు చెడిపోతుంది. అక్కడ పాడైతే జనం ఊరు విడిచి వెళ్లాల్సి వస్తుంది. అలా వెళ్లినవాళ్లూ ఉన్నారు.

నేల కింద గ్యాస్ దాచడం కొత్త సంగతేమీ కాదు. 1915లో కెనడాలోని ఒంటారియోలో, వెల్లండ్ కౌంటీలో మొదలైంది. మరుసటి ఏడే అమెరికాలో బఫెలో నగరానికి దగ్గర జోర్ అనే చోట ఇంకో నిల్వ కేంద్రం వచ్చింది. ఇప్పుడు అమెరికాలో ఇలాంటివి దాదాపు 400 ఉన్నాయి. వేసవిలో నింపుకుంటారు, చలికాలంలో ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి తోడుకుంటారు. ఎక్కువ భాగం గ్యాసో చమురో తోడేయగా మిగిలిన పాత క్షేత్రాలే. కొన్ని మాత్రం ఉప్పు పొరల్లోకి నీళ్లు పంపి, ఉప్పును కరిగించి తీసిన గుహలు.

పాత క్షేత్రంలో నింపిన గ్యాసంతా తిరిగి రాదు. లోపల పీడనం నిలవడానికి కొంత గ్యాస్ ఎప్పటికీ అక్కడే ఉండాలి. దాన్ని కుషన్ గ్యాస్ అంటారు. కొన్నిచోట్ల మొత్తం నిల్వలో సగం దాకా ఇదే. అందుకే ఎంత పోశాం, ఎంత తీశాం, ఇప్పుడు పీడనం ఎంత అన్న లెక్క ఏ రోజుకారోజు రాసి ఉండాలి. లెక్కకూ పీడనానికీ పొంతన కుదరకపోతే గ్యాస్ ఎక్కడికో పోతోందని అర్థం. కంటికి కనపడని సరుకు ఆచూకీ చెప్పేది ఆ రిజిస్టరే.

గంగవరంలో ఇలాంటి నిల్వ కుదురుతుందా? కుదరదు. ఈ ప్రాంతమంతా గ్రానైటు, నీస్ రాళ్లు. గ్యాసును స్పాంజిలా పీల్చి పట్టుకునే ఇసుకరాయి ఇక్కడ లేదు. అలాంటి రాయి కృష్ణా గోదావరి తీరంలో ఉంది. అయితే మన దేశంలో సహజ వాయువును పెద్దఎత్తున నేల కింద దాచే కేంద్రం ఇంకా ఎక్కడా నడవడం లేదు.

విశాఖ గుహ

సహజ వాయువుకు లేకపోయినా, వంట గ్యాసుకు మాత్రం మనకొక భూగర్భ గిడ్డంగి ఉంది. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర, సముద్ర మట్టానికి 162 మీటర్ల లోతున రాతిని తొలిచి కట్టారు. హిందుస్థాన్ పెట్రోలియం, ఫ్రాన్స్‌కు చెందిన టోటాల్ కలిసి పెట్టిన సౌత్ ఏషియా ఎల్పీజీ కంపెనీ దీన్ని 2007లో పూర్తి చేసింది. దక్షిణాసియాలో ఈ తరహా గుహల్లో ఇదే మొదటిది. ఇందులో 60,000 టన్నులు పడతాయి. 14.2 కిలోల బండల లెక్కన చూస్తే సుమారు 42 లక్షల బండలు నింపొచ్చు.

మరి ఆ గుహ గోడలకు ఉక్కు రేకు తొడిగారా అంటే లేదు. లోపల ఉన్నది చెక్కిన రాయే. గ్యాసును బయటికి పోనివ్వకుండా ఆపుతున్నది నీళ్లు. చుట్టూ రాతి పగుళ్లలో నీళ్లు నిండి ఉంటాయి. గుహకు పైన సన్నటి సొరంగాలు తవ్వి, వాటి నుంచి రంధ్రాలు వేసి, నీళ్లు ఎప్పుడూ తగ్గకుండా పోస్తుంటారు. దీన్ని నీటి తెర అంటారు. ప్రతి పది మీటర్ల నీటికి సుమారు ఒక బార్ పీడనం పెరుగుతుంది. వంట గ్యాసులో ఉండే ప్రొపేన్, శుద్ధంగా ఉంటే, 30 డిగ్రీల వేడిలో బయటికి నెట్టే బలం సుమారు 10 బార్లు. 160 మీటర్ల లోతులో నీరు లోపలికి నెట్టే బలం అంతకంటే ఎక్కువ. కాబట్టి నీరే గుహలోకి ఊరుతుంది తప్ప గ్యాస్ బయటికి రాలేదు. ఊరిన నీటిని పంపులతో తోడేస్తారు. వెయ్యి అడుగులు దించినా నీటి చుక్క దొరకని బోర్లు చూసిన మన ప్రాంతం వాళ్లకు, నీళ్లే కాపలా కాసే గిడ్డంగి ఉందంటే వింతగానే ఉంటుంది.

ఇలాంటి గుహలో తనిఖీ ఎలా చేస్తారు? గ్యాస్ నిండాక మనిషి లోపలికి దిగలేడు. అందుకే పని మొదలుపెట్టకముందే గుహను మూసి, గాలితో ఒత్తిడి పెంచి, రోజుల తరబడి ఆ ఒత్తిడి నిలుస్తోందో లేదో చూస్తారు. ఆ తర్వాత జీవితకాలమంతా అంకెలే ఆధారం. చుట్టుపక్కల పరిశీలన బావుల్లో నీటిమట్టం ఎంత, నీటి తెరకు రోజూ ఎంత పోశారు, లోపలికి ఎంత ఊరింది, పీడనం, ఉష్ణోగ్రత ఎంత అన్నవన్నీ రాసుకోవాలి. ఊట మామూలు కంటే పెరిగినా తగ్గినా రాతిలో ఏదో మారిందని ఆ పుస్తకమే ముందుగా చెబుతుంది. ఈ ఒక్క కారణానికే, నా దృష్టిలో, అక్కడ రీడింగ్ రాసే ఉద్యోగి పని పంపు నడిపేవాడి పనికి ఏ మాత్రం తీసిపోదు.

నేల మీద గ్యాస్ నిల్వ ఉంటే ఏం జరగొచ్చో విశాఖ ముందే చూసింది. 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో ఎల్పీజీ లీకై అంటుకుంది. సుమారు 60 మంది చనిపోయారు. నేల కింది గుహలో మంటకు కావలసిన గాలి అందదు. దాన్ని మేలనుకోవడానికి అదే పెద్ద కారణం.

కాగితంలో లేని బావులు

2001 జనవరి 17న అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని హచిన్సన్ పట్టణం నడిబొడ్డున ఉన్నట్టుండి దుకాణాలు పేలిపోయాయి. కొన్నిచోట్ల నేలలోంచి ఉప్పునీరూ గ్యాసూ కలిసి ఫౌంటెన్లలా ఎగజిమ్మాయి. మరునాడు ఇంకో పేలుడులో ఇద్దరు మరణించారు. గ్యాస్ వచ్చింది మాత్రం ఏడు మైళ్ల దూరంలో ఉన్న యాగీ అనే ఉప్పు గుహల నిల్వ కేంద్రం నుంచి. అక్కడ ఒక బావి కేసింగ్ దెబ్బతింది. గ్యాస్ రాతి పొర వెంట పాకుతూ పట్టణం కిందికి చేరింది. పైకి రావడానికి దానికి దారి దొరికింది పాత ఉప్పునీటి బావుల్లో. 19వ శతాబ్దం చివరి నుంచి ఉప్పు తీయడానికి తవ్వి, పని అయ్యాక వదిలేసి, పైన ఇళ్లు కట్టేసుకున్న బావులవి. చాలావాటికి నక్షా లేదు, వాటి సంగతి గుర్తున్నవాళ్లూ లేరు.

ఇది చదివినప్పుడల్లా మన పొలాల్లో నీళ్లు పడక వదిలేసిన బోర్లు గుర్తొస్తాయి. వాటి సంగతి చివర్లో.

పాత తవ్వకాల నక్షాల విషయంలో మన గనుల చట్టం ముందుచూపు చూపింది. గని మూసేసినా దాని నక్షా అధికారులకు అప్పగించాలి. రేపు పక్కన తవ్వేవాడికి అదే ఆధారం. కుప్పం దగ్గర చిగురుగుంట బంగారు గని, దాని అవతల మూడు కిలోమీటర్లకు మించి లోతుకు వెళ్లిన కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి. ఆ నక్షాల విలువ బంగారం కంటే తక్కువేం కాదు.

జాబితాలో ఉన్నా చూడని బావి

రికార్డు ఉంటే చాలదు, దాన్ని చదివి కదలాలి. లాస్ ఏంజెలిస్ పక్కన అలిసో కాన్యన్ నిల్వ కేంద్రంలో ఎస్ఎస్-25 అనే బావిని 1953లో చమురు కోసం తవ్వారు. తర్వాత గ్యాస్ నిల్వకు వాడుకున్నారు. అడుగునున్న భద్రతా వాల్వును 1979లో తీసేశారు, మళ్లీ పెట్టలేదు. 1988లో 20 బావుల కేసింగ్ పరీక్షించాలని సంస్థలోనే సిఫారసు వచ్చింది. అందులో ఈ బావి పేరూ ఉంది. దానికి మాత్రం పరీక్ష జరగలేదు.

2015 అక్టోబర్ 23న లీకు బయటపడింది. అదుపు చేసేసరికి 2016 ఫిబ్రవరి 11 అయింది. సహజ వాయువులోని మీథేన్ సుమారు లక్ష టన్నులు గాలిలో కలిసిపోయింది. 8,000కు పైగా కుటుంబాలు ఇళ్లు వదిలి వెళ్లాయి. స్వతంత్ర నిపుణులు 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం కేసింగ్ బయటి వైపు భూగర్భ జలం తగిలి తుప్పు పట్టింది. అంతకుముందు అదే క్షేత్రంలో 60కి పైగా కేసింగ్ లీకులు జరిగాయి. ఒక్కొక్కటీ బాగు చేశారు గానీ ఎందుకు జరిగిందని ఆరా తీయలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ వాక్యమే. అరవై సార్లు చెప్పినా వినకపోతే నేల ఇంకేం చేయాలి?

అప్పటిదాకా ఆ దేశంలో బావి లోపలి భాగానికి కేంద్ర స్థాయిలో భద్రతా నియమాలే లేవు. 2016లో చట్టం వచ్చింది, 2020లో నియమాలు ఖరారయ్యాయి. ఇప్పుడు ప్రతి బావికీ ప్రమాద అంచనా వేయాలి, గరిష్ఠంగా ఏడేళ్లకోసారి మళ్లీ పరీక్షించాలి. ఏం చూశారో, ఏం తేలిందో రాసిపెట్టి తనిఖీదారుకు చూపించాలి.

ఇలాంటి పాఠం మనకూ ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసుకు ఉద్దేశించిన గొట్టంలో తేమ ఉన్న గ్యాస్ ప్రవహించి లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. గొట్టం దేనికి వేశారు, అందులో ఏం పోతోంది అన్న రెండు వివరాలను పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సింది.

వాసన ఎక్కడిది?

సహజ వాయువుకైనా వంట గ్యాసుకైనా తనదంటూ ఘాటైన వాసన లేదు. మనకు తెలిసే ఆ కుళ్లు వాసన మెర్కాప్టన్ అనే రసాయనానిది. 1937 మార్చి 18న అమెరికాలోని న్యూ లండన్ అనే ఊళ్లో, వాసన లేని గ్యాస్ బడి కింద పేరుకుని పేలింది. దాదాపు 300 మంది, ఎక్కువమంది పిల్లలు, పోయారు. ఆ తర్వాతే గ్యాసులో వాసన కలపాలన్న నిబంధన వ్యాపించింది. మన వంటింట్లో ముక్కు పుటాలకు తగిలే ఆ వాసన వెనుక అంతమంది పిల్లల ప్రాణాలున్నాయి.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. వంట గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మట్టంలో పరుచుకుంటుంది. కాబట్టి తలుపులు బార్లా తీయాలి. పైపులో వచ్చే సహజ వాయువు తేలిక, పైకప్పు వైపు పోతుంది. ఎత్తులో ఉన్న కిటికీ తీయాలి. రెండిట్లోనూ స్విచ్ వేయకూడదు, వేసి ఉంటే ఆపకూడదు.

బండ మీది అక్షరం

మీ ఇంటి గ్యాస్ బండకూ ఒక తనిఖీ రికార్డుంది. అది బండ మీదే ఉంటుంది. పైన పట్టుకునే రింగును మోసే మూడు పట్టీల్లో ఒకదాని లోపలి వైపు ఒక అక్షరం, రెండంకెలు కనిపిస్తాయి. ఏ అంటే మార్చి లోపు, బీ అంటే జూన్, సీ అంటే సెప్టెంబర్, డీ అంటే డిసెంబర్. సీ-27 అని ఉంటే 2027 సెప్టెంబర్ లోపు దాన్ని మళ్లీ పరీక్షించాలి. కొత్త బండకు తొలి పరీక్ష పదేళ్లకు, తర్వాత ప్రతి ఐదేళ్లకూ. సిలిండర్ల నిబంధనలను చూసేది నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో సంస్థ. పేలుడు పదార్థాల శాఖగా అది 1898లోనే మొదలైంది. 1999లో వచ్చిన దీపం పథకం దగ్గర్నుంచి మన పల్లెల్లో బండ లేని ఇల్లు అరుదైపోయింది గానీ, ఈ అక్షరం చదివే ఇళ్లు ఇప్పటికీ తక్కువే. గడువు దాటిన బండ వస్తే తీసుకోకండి, మార్చి ఇమ్మనండి. రబ్బరు ట్యూబును ఐదేళ్లకోసారి మార్చండి.

ఇక బోర్ల మాట. నీళ్లు పడని బోరును మట్టితో, రాళ్లతో నింపి మూయాలని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలిచ్చింది. పిల్లలు పడిపోయిన బోర్ల వార్తలే దానికి కారణం. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం బావులను నమోదు చేయమంటోంది. మీ పొలంలో వదిలేసిన బోరుంటే మూయించండి. సర్వే నంబరు, లోతు, కేసింగ్ ఎన్ని అడుగులు దించారు, ఏ ఏడు వేశారు అన్నవి ఇంట్లో పుస్తకంలో రాసి, సచివాలయంలోనూ నమోదు చేయించండి. మీ తర్వాత ఆ పొలం దున్నేవాళ్లకు అది అక్కరకొస్తుంది.

వంటింట్లో గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, బయటికి వచ్చి ఫోన్ చేయాల్సిన నంబరు 1906. పగలూ రాత్రీ పనిచేస్తుంది.