చైనా చరితల్లో మన కళింగం

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే లారీకి పొట్టంగి, కోరాపుట్ మీదుగా ఛత్తీస్‌గఢ్ దాకా దారి ఉంది. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ కూడా కళింగం నుంచి వాయవ్యంగా అడవులూ కొండలూ దాటి, సుమారు 1800 లీల దూరంలోని కోసలకు, అంటే ఇప్పటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికి, చేరినట్టు రాశాడు. లీ అంటే దాదాపు అర కిలోమీటరు. ఆయన పట్టిన కనుమ ఇదేనని గీత గీసి చూపలేం గానీ, చూసిన సీమ మాత్రం ఈ చుట్టుపక్కలదే.

కళింగంలో నల్లటి అడవి ఏనుగులున్నాయనీ, పొరుగు రాజ్యాలవాళ్లు వాటిని ఎంతో విలువగా చూస్తారనీ రాశాడు. ఏనుగుల మందలతో వేగుతున్న కొమరాడ, జియ్యమ్మవలస రైతులకు ఆ సంగతి ఏమంత పాతగా అనిపించదు. ఒకప్పుడు జనంతో కిటకిటలాడిన దేశం ఓ ఋషి శాపంతో పలచబడిందన్న కథనూ ఆయన వదల్లేదు. దక్షిణాన ఆంధ్ర దేశానికి వెళ్లి బౌద్ధ పండితుడు దిఙ్నాగుడి గురించి, ధాన్యకటకంలో భావవివేకుడి గురించి విన్నదంతా ఎక్కించాడు. ఈ పండితుల జీవిత విశేషాలకు మనకు దొరికే పాత ఆధారాల్లో ఈ చైనా రచన ముఖ్యమైనది.

ఇదంతా ఒక్క యాత్రికుడి ఓపిక అనుకుంటే పొరపాటే. మనుషుల జీవితాలను వరసగా రాసిపెట్టడం చైనాలో పాత అలవాటు.

ఆ అలవాటుకు పునాది వేసినవాడు సిమా చ్యెన్. క్రీ.పూ. 99లో ఉత్తరాది సంచార జాతి షియోంగ్ను సేనలకు లొంగిపోయిన లీ లింగ్ అనే సేనాపతి తరఫున మాట్లాడి, చక్రవర్తి ఆగ్రహానికి గురయ్యాడు. బీజచ్ఛేద శిక్ష పడింది. అప్పట్లో మానం ఉన్నవాడు దానికన్నా చావునే ఎంచుకునేవాడు. తండ్రి మొదలుపెట్టిన చరిత్రను పూర్తిచేయాలన్న పంతంతో సిమా చ్యెన్ అవమానాన్ని భరించాడు. ఆ గ్రంథం ‘షిజి’లో 130 అధ్యాయాలుంటే, 70 జీవిత కథల విభాగానివే. మంత్రులూ సేనానులే కాదు, హంతకులు, వర్తకులు, రాజాస్థాన విదూషకులు, జోస్యులు కూడా అందులో కనిపిస్తారు. ఎవరు గొప్పవాళ్లన్న ప్రశ్నకు రెండువేల ఏళ్ల కిందట ఇంత ఉదారంగా జవాబిచ్చినవాళ్లు ఇంకెందరు?

తర్వాత వచ్చిన ప్రతి వంశమూ గత వంశం చరిత్రను రాయించడం ఆనవాయితీ అయింది. అలా పోగైనవే ఇరవైనాలుగు అధికార చరిత్రలు. బౌద్ధులు తమ దారిలో తాము వేరే సంపుటాలు కూర్చుకున్నారు. ఆరో శతాబ్దంలో హుయ్‌జావ్ 257 మంది భిక్షువుల కథలు ప్రధానంగా రాశాడు. ఇత్సింగ్ అనే యాత్రిక భిక్షువు తన వంతుగా భారతదేశం వైపు ప్రయాణించిన 56 మంది జీవితాలు సేకరించాడు. వాళ్లలో చాలామంది ఇల్లు చేరనే లేదు. హుయాన్‌త్సాంగ్ జీవితాన్నే శిష్యుడు హుయ్‌లీ మొదలుపెడితే, 688లో యెన్‌త్సుంగ్ అనే మరో భిక్షువు పది భాగాలుగా పూర్తిచేశాడు. మన దగ్గర కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్రము’ రాయడానికి కూర్చున్నప్పుడు ఇలాంటి పాత సంపుటాలు చేతికి లేవు. పద్యాల్లోంచీ శాసనాల్లోంచీ కాలాలు పిండుకోవాల్సి వచ్చింది.

ఇంగ్లీషు చదవగలిగిన వారికి ఇప్పుడు దారులు చాలానే ఉన్నాయి. కేంబ్రిడ్జి ఆచార్యుడు హెర్బర్ట్ జైల్స్ 1898లో 2579 మందితో చైనా జీవితచరిత్రల నిఘంటువు ప్రచురించాడు. సరదాగా చదివిస్తుంది గానీ తేదీల విషయంలో కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఆర్థర్ హమ్మెల్ సంపాదకత్వంలో 1943, 1944లలో వాషింగ్టన్‌లో వెలువడిన రెండు సంపుటాలు అంతకన్నా గట్టివి. అవి చింగ్ వంశ కాలానికి పరిమితమై, దాదాపు 800 మందిని పరిచయం చేస్తాయి.

వీటన్నిటినీ మించిన గంప ఇప్పుడు కంప్యూటర్లలో ఉంది. హార్వర్డ్, పెకింగ్ విశ్వవిద్యాలయాలు, తైవాన్‌లోని అకాడెమియా సినికా కలిసి నడుపుతున్న చైనా జీవితచరిత్రల డేటాబేస్‌లో ఐదు లక్షలకు పైగా పేర్లున్నాయి. ఎవరెవరు బంధువులు, ఎవరు ఏ పదవి చేశారు, ఏ ఊరివారు అన్న వివరాలను ఉచితంగానే వెతుక్కోవచ్చు. చిక్కల్లా, అందులో అత్యధికులు పరీక్షలు రాసి కొలువుల్లో చేరిన మగవాళ్లే. సిమా చ్యెన్ చోటిచ్చిన విదూషకుల వంటివారి కోసం మాత్రం మళ్లీ పాత పుస్తకాలే తిరగేయాలి.