చెంచాకి పళ్ళొచ్చాయి!

మా ఇంట్లో అన్నం వడ్డించగానే ఎవరూ కలపడానికి వీల్లేదు. ముందు నేను ఫోటో తీసుకోవాలి. చేసిన వంటని ఎలా చేశానో రాసి, ఫోటోతో సహా నలుగురికీ పంపడం నాలుగేళ్ళుగా నాకో వ్యసనం. "పప్పు చల్లారిపోతోంది మహాతల్లీ" అని మావారు, "అమ్మా, ఇంక తినొచ్చా?" అని మా పాప... ఇది రోజూ ఉండే భాగోతమే.

ఈ ఫోటోల పిచ్చిలోనే రకరకాల చెంచాలు కొనడం మొదలైంది. లావుపాటి కొయ్య పిడివి, పిల్లల కోసం విమానం ఆకారంలో చేసినవి, చెంచా ఫోర్కు కలిసిపోయినవి. ఆ చివరిదాన్ని చూసి మా అత్తయ్యగారు "ఇదేంటమ్మాయ్, చెంచాకి పళ్ళొచ్చాయి!" అన్నారు. ఇదేం కొత్త వింత కాదు, 1874లోనే అమెరికాలో శామ్యూల్ ఫ్రాన్సిస్ అనే ఆయన చెంచా, ఫోర్కు, కత్తి మూడూ ఒకదాంట్లోనే కలిపి పేటెంటు పుచ్చుకున్నాడని చెప్పాను. "వేళ్ళు లేవా పాపం ఆయనకి?" అన్నారావిడ. హైదరాబాదులో నారాయణ పీసపాటిగారు జొన్నపిండితో చెంచాలు చేశారు, తిన్నాక చెంచా కూడా తినేయొచ్చు అంటే, "జొన్నరొట్టె ముక్కతో కూర ఎత్తుకు తినడం మాకు తెలీదూ!" అని కొట్టిపారేశారు.

అలా నవ్వులాటగా సాగుతుండగా, ఆవిడ మాతో కూర్చుని తినడం మానేశారని నాకు ఆలస్యంగా తెలిసింది. "ఆకలి లేదమ్మాయ్, మీరు కానివ్వండి" అనేవారు. రవికలు వదులైపోతున్నా వయసు మీద పడుతోంది కదా అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం నీళ్ళకని వంటింట్లోకి వెళితే, గోడవైపు తిరిగి కూర్చుని తింటున్నారు. ముద్ద నోటి దాకా వెళ్ళేలోపే చెయ్యి వణికి సగం అన్నం చీర మీద పడుతోంది. నన్ను చూసి పళ్ళెం పక్కకి నెట్టేశారు. నాలుగు గింజలు పడితే ఎవరేమంటారు చెప్పండి? కానీ ఆవిడకి అది తలవంపులు.

డాక్టరుగారు పరీక్షించి, ఇది ఏదైనా ఎత్తబోయినప్పుడు వచ్చే వణుకనీ, పార్కిన్‌సన్స్ జబ్బులో అయితే సాధారణంగా చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఎక్కువగా వణుకుతుందనీ చెప్పారు. మందు రాసిచ్చారు. వణుకు తగ్గిందే గానీ పూర్తిగా పోలేదు. లావుపాటి పిడితో కాస్త బరువుండే చెంచా, అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెం వాడి చూడమన్నారు. ఉన్న చెంచా పిడికే స్పాంజి చుట్టినా పట్టు దొరుకుతుందట.

అత్తయ్యగారు ససేమిరా అన్నారు. "చెంచాతో తినడానికి నేనేమన్నా మంచం పట్టానా? రుచి ముందు వేళ్ళకి తెలియాలి" అని. ఈ మాట నేను కాదనలేను. పప్పన్నంలో నెయ్యి వేసి చేత్తో కలిపితే వచ్చే రుచి చెంచాకి ఎక్కడినుంచి వస్తుంది? మావారు బతిమాలితే ఇంకా పట్టుదల పెరిగింది.

దారి చూపింది మా ఏడేళ్ళ పాప. ఓ ఆదివారం రాత్రి నా ఫోటోల చెంచాలన్నీ డబ్బాతో సహా తెచ్చి అందరికీ పంచింది. నాన్నకి విమానం, నాకు పళ్ళ చెంచా, నానమ్మకి కొయ్య పిడిది. "ఇవాళ అందరూ వీటితోనే తినాలి" అని ఆర్డరు. మావారు విమానాన్ని గింగిరాలు తిప్పి చారు ఒంటిమీద పోసుకుంటే అత్తయ్యగారు పగలబడి నవ్వారు. ఆ నవ్వులో ఆవిడ అన్నం చేత్తోనే కలుపుకుని, ఎత్తుకోవడానికి మాత్రం చెంచా పట్టుకున్నారు. రెండోసారి పెరుగన్నం వడ్డించుకున్నారు. ఆ రోజు ఫోటో తియ్యడం మర్చిపోయాను.

ఇప్పుడూ అదే పద్ధతి. కలపడం చేత్తో, తినడం చెంచాతో. చేపల పులుసు రోజున మాత్రం ముళ్ళు తీసి పెట్టే పని పాపది.

మొన్న బంధువుల పెళ్ళికి వెళ్ళాం. బంతిలో కూర్చోగానే అత్తయ్యగారు చేతిసంచీలోంచి రుమాల్లో చుట్టిన చెంచా తీశారు. నాకు గుండె దడదడలాడింది, ఎవరేమంటారో అని. పక్కన కూర్చున్న పెద్దావిడ తన చెయ్యి ఒకసారి చూసుకుని, "ఇది ఎక్కడ దొరుకుతుంది వదినా?" అంది మెల్లిగా.

"మా కోడలు ఫోటోల కోసం కొంది. నీకూ ఒకటి పంపిస్తుందిలే" అన్నారావిడ, పప్పన్నం కలుపుకుంటూ.