ఏ ఊరవ్వా మీది?

మా వరంగల్‌లో డాక్టర్ చదువులను నడిపే ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఒక కవి పేరుంది. కాళోజీ నారాయణరావు. వైద్యానికీ కవికీ ఏం సంబంధమని బయటివాళ్లు అడుగుతుంటారు. ఏళ్ల తరబడి వార్డుల్లో నర్సుగా పనిచేసిన నాకు మాత్రం అంతకన్నా తగిన పేరు తోచదు.

పాణం బాగాలేని మనిషి ఆస్పత్రికి మొదట తెచ్చేది మాటనే. పరీక్షలూ స్కానింగులూ ఆ తర్వాత. “కడుపుల దేవుతంది”, “పక్కబొక్కలు గుంజుతున్నయి”, “ఊకూకె దూపైతంది” అంటారు. దూప అంటే దాహం. ఆ చివరి మాట చెవిన పడగానే షుగరు పరీక్ష చేయించాలని తట్టాలి. కానీ ఇస్త్రీ చొక్కా, ఇంగ్లిషు కలిసిన తెలుగు ఎదురైతే, తమ మాట తప్పేమోనని జంకి సగం మింగేస్తారు.

ఒక రాత్రి డ్యూటీలో ములుగు వైపు పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె, కుర్ర డాక్టర్లు ఎన్ని అడిగినా గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంది. నేను మంచం మీద కూర్చుని “ఏ ఊరవ్వా మీది? బువ్వ తిన్నవా?” అన్నాను. అది మా నాయనమ్మ పలకరింపు, అనుకోకుండానే నోట్లోంచి వచ్చింది. ఆమె ఇటు తిరిగి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “బిడ్డా, పొద్దుగాలటి సంది ఒంటికి పోతలేదు” అంది. మగపిల్లల ముందు చెప్పుకోలేక అంతసేపూ నొప్పిని బిగబట్టింది. మూత్రానికి గొట్టం వేశాక, తెల్లవారేదాకా తన కోళ్ల గురించీ కోడలి గురించీ చెబుతూనే ఉంది.

మాటకు ఇంత పట్టు ఎక్కడిది? అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ హారిస్, ఆమె సహచరులు 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. టర్కీ భాష మాతృభాషగా ఉండి, ఇంగ్లిషు తర్వాత నేర్చుకున్నవాళ్లకు రెండు భాషల్లోనూ మాటలు వినిపించి, చర్మం మీద చెమట ఎలా మారుతుందో కొలిచారు. చిన్నప్పటి తిట్లు, “సిగ్గులేదూ” లాంటి గద్దింపులు సొంత భాషలో విన్నప్పుడు ఒళ్లు ఎక్కువగా ఉలిక్కిపడింది. అర్థం రెండింటిలోనూ తెలిసిందే.

మా పల్లెల్లో చావింటికి వెళ్లినవాళ్లకు ఇది తెలియడానికి యంత్రం అక్కర్లేదు. ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు చేతులేసుకుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని శోకం తీస్తారు. పోయిన మనిషినే పిలుస్తూ, ఎండిన బాయి, తీరని అప్పు, బిడ్డ పెండ్లికి తెచ్చిన చీర, ఒక్కొక్కటే రాగంలోకి తెస్తారు. అప్పటిదాకా ఫోన్లు మాట్లాడుతూ, టెంటు వాళ్లకు డబ్బులిస్తూ నిబ్బరంగా తిరిగిన కొడుకు ఆ రాగం వినగానే కూలబడి ఏడుస్తాడు. ఎన్నిసార్లు చూశానో.

అయితే ఈ పట్టు తల్లిపాలతోనే వస్తుందని నేననను. కాళోజీ 1914 సెప్టెంబర్ 9న కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టారు. తల్లి కన్నడిగురాలు, తండ్రి మరాఠీ మనిషి. పెరిగింది మా పక్కనున్న మడికొండలో. ఆ ఊరి ఆటల్లో, తగాదాల్లో విన్న మాటే ఆయనకు సొంతమైంది. బడి పలుకుల భాషను పక్కనపెట్టి జనం పలుకుబళ్లలో రాశారు, తన కవిత్వానికి ‘నా గొడవ’ అని పేరు పెట్టుకున్నారు. తన మాట చూసి తానే సిగ్గుపడేలా పెరిగిన జనానికి అది ఎంత ధైర్యమో, ఆ సిగ్గు పడ్డవాళ్లకే తెలుస్తుంది. ఇప్పుడు ఆయన పుట్టినరోజే తెలంగాణ భాషా దినోత్సవం.

2002 నవంబర్ 13న ఆయన కన్నుమూశాక దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. అక్కడికి ఎక్కడెక్కడి పిల్లలో చదువుకు వస్తున్నారు. మొదటి ఏడాదిలోనే వారానికొక పూట వాళ్లను వార్డు ఆయమ్మల పక్కన కూర్చోబెట్టి ఈ జిల్లా మాట నేర్పించమని కాలేజీ పెద్దలను అడుగుతున్నాను. నేర్పేవాళ్లు చాలకపోతే, రిటైరైన నర్సులం చాలామందిమి హన్మకొండలోనే ఉన్నాం. పిలిస్తే వస్తాం.